కుడి భుజం

గ్లెన్ సల్మేలా బస్సు చుట్టూ రెండోసారి తిరుగుతున్నాడు. మొదటి చుట్టు టైర్లకి, రెండోది దీపాలకి. ఇంజను అప్పటికే నడుస్తోంది. వెనక గొట్టంలోంచి వచ్చే పొగ మంచు మీద పరుచుకుని అక్కడే నిలిచిపోతోంది. అతని ఎడమచేతిలో టార్చి, కుడిచేతిలో చీపురు. దీపం మీద మంచు ఉంటే దులిపి, వెలుగుతోందో లేదో చూసి, పక్క దీపం దగ్గరికి వెళ్తాడు. బస్సు కుడివైపుకి వచ్చాక తల పూర్తిగా తిప్పి చూస్తున్నాడు, కోడి గింజను చూసినట్టు. ఏడాది కిందట అలా చూసేవాడు కాదు.

ఈస్ట్ బ్రాంచ్ బడికి నాలుగు బస్సులు. ఉత్తరం రూటు బస్సు గ్లెన్‌ది. రాత్రిళ్ళు అతని ఇంటి ముందే ఉంటుంది. అతను మొదట్లో ఎక్కించుకున్న పిల్లల పిల్లలు ఇప్పుడు అందులో ఎక్కుతున్నారు. అతనికి అరవై రెండేళ్ళు. పొట్టి మనిషి. బెల్టుకి పైన పొట్ట, కింద సన్నటి కాళ్ళు. చెవుల మీదికి లాక్కున్న ఉన్ని టోపీ మే నెల దాకా తీయడు.

కారొల్ వంటింటి తలుపు సగం తెరిచి, కోటు భుజాల మీద కప్పుకుని నిలబడింది.

"ఇవాళైనా తేలుస్తావా?"

"ఏది?"

"ఏదేమిటి! ఊరంతా నన్నడుగుతోంది. మొన్న చర్చిలో పాస్టరు గారి భార్య కూడా అడిగింది, గ్లెన్ చవకది కొంటున్నాడా ఖరీదైనది కొంటున్నాడా అని. రేపు పదిహేనో తారీఖు. కర్ర పుచ్చుకుని వెళ్తావా అడవికి?"

"కొంటాలే."

"ఏది?"

"చూస్తా."

"నన్ను పెళ్ళి చేసుకోవడానికైనా ఇంత ఆలోచించావా?"

"అప్పుడు రెండోది లేదుగా."

ఆమె నవ్వి, కాఫీ కప్పు అతని ఎడమచేతికి ఇచ్చింది. ఆ చేతిలో ఉన్న టార్చి తనే తీసుకుని ఆపేసింది. మధ్యాహ్నానికి మాంసం, బంగాళాదుంప కూరిన పేస్టీ ఒకటి కాగితంలో చుట్టి అతని కోటు జేబులో పెట్టింది. అదీ ఎడమ జేబులోనే. ఆమె కొంతకాలంగా అన్నీ ఎడమవైపే పెడుతోంది. గ్లెన్ అది గమనించాడు. కావాలని చేస్తోందా, అలవాటైపోయిందా అన్నది అతనికి తేలలేదు. అడిగితే తేలుతుంది. అడగలేదు.

నవంబరు పదిహేను దుప్పుల వేట మొదలయ్యే రోజు. ఆ రోజు ఇక్కడ బడి ఉండదు, కలప మిల్లు నడవదు, పళ్ళు పీకే డాక్టరు దొరకడు. పద్నాలుగో తారీఖున బస్సులో పిల్లలు సీట్లలో కూర్చోరు. గ్లెన్ ఆ ఉదయం అద్దంలో చూస్తూ మూడు నాలుగుసార్లు అరిచాడు. వాళ్ళు వాళ్ళ నాన్నల తుపాకుల గురించి, మంచెల గురించి, అడవిలో వేట గుడిసెలో ఎవరెవరు పడుకుంటారన్నదాని గురించి మాట్లాడుకుంటున్నారు. ఆర్నీ పెల్టొనెన్ మనవరాలు బ్రిన్ మూడో తరగతి. ఎప్పుడూ ముందు సీట్లో, తలుపు పక్కనే కూర్చుంటుంది.

"మిస్టర్ గ్లెన్, మీరు మా తాత కొట్లో తుపాకీ కొనట్లేదంట. ఊరికే పట్టుకుని చూసి వెళ్ళిపోతున్నారంట."

"మీ తాత చెప్పాడా?"

"అమ్మమ్మకి చెప్పాడు. నేను వింటున్నానని వాళ్ళకి తెలీదు."

దారి తిన్నగా ఉన్నచోట గ్లెన్ ఒక్క క్షణం ఎడమకన్ను మూశాడు. చేయకూడదని తెలుసు. రోజుకోసారి చేస్తాడు. టెలిఫోను స్తంభాలకి పైభాగం ఉంది, కిందిభాగం ఉంది, మధ్యలో వంగి మాయమయ్యాయి. కన్ను తెరిచాడు. స్తంభాలు మళ్ళీ తిన్నగా నిలబడ్డాయి.

వేసవిలో కారొల్‌కి చెప్పకుండా, సరస్సు ఒడ్డున ఉన్న పెద్ద ఊరికి వెళ్ళి కళ్ళు చూపించుకున్నాడు. కుడికంటి వెనక పొర మధ్యలో దెబ్బతిందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఎడమకన్ను బాగుందనీ డాక్టరమ్మ చెప్పింది. కారు నడుపుకోవచ్చంది. తర్వాత ఏం పని చేస్తారని అడిగింది. "రిటైరయ్యాను" అన్నాడు గ్లెన్. ఆ మాట ఎందుకన్నాడో అతనికి ఇప్పటికీ అర్థం కాలేదు. స్కూలు బస్సు నడిపేవాడికి రెండు కళ్ళూ బాగుండాలి. ఫిబ్రవరిలో ఎలాగూ డ్రైవర్లకి కళ్ళ పరీక్ష ఉంటుంది. ఫిబ్రవరి దాకా ఆగితే ఏం కలిసొస్తుందని ఆగుతున్నావని ఎవరూ అడగలేదు. ఎవరికీ తెలియదు కాబట్టి.

రైఫిలు గొడవ మొదలైంది కూడా ఆ కన్నుతోనే. పోయినేడు వేట మొదటి రోజు కొమ్ముల దుప్పి ఒకటి అతని మంచె ముందు నిలబడింది. రాయి విసిరితే తగిలే దూరం. గ్లెన్ పేల్చాడు. దుప్పి తల ఎత్తి అతని వైపు చూసి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. పరిగెత్తనైనా లేదు. గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి గుడిసె గోడకి మేకు కొట్టడం వాళ్ళ క్యాంపులో ఆనవాయితీ. ఆ సాయంత్రం కారొల్ తమ్ముడు డెనిస్ గొర్రెలకి ఉన్ని కత్తిరించే కత్తెర తెచ్చి, చొక్కా వెనకభాగం నడుం దాకా కత్తిరించాడు. అందరూ నవ్వుతుంటే గ్లెన్ అన్నాడు, తుపాకీ పాడైందని. అంటే నమ్మారు. గ్లెన్ గురి తప్పడం కన్నా తుపాకీ పాడవడమే నమ్మకంగా ఉంది. పాడైన తుపాకీ నీకెందుకు, నాకమ్మెయ్యమన్నాడు డెనిస్. అన్న మాట మీద నిలబడాలి కాబట్టి గ్లెన్ అమ్మేశాడు. నెలాఖరున డెనిస్ అదే తుపాకీతో ఒక్క దెబ్బకి దుప్పిని పడగొట్టాడు. ఏడాదిగా ఊళ్ళో ఆ కథ చెప్తూనే ఉన్నాడు.

ఇప్పుడు గ్లెన్‌కి రైఫిలు లేదు. కొనాలి.

ఇక్కడ అందరివీ బోల్టు రైఫిళ్ళే. పేల్చిన ప్రతిసారీ బోల్టు పిడి పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకి తోయాలి. ఆ పిడి కుడివైపు ఉంటుంది, కుడి భుజానికి ఆనించి కుడికంటితో చూసేవాళ్ళ కోసం. ఎడమవైపు బోల్టుతో కూడా చేస్తారు. చవక రకంలో చేయరు, ఖరీదైన రకంలో చేస్తారు. గ్లెన్ ఆ సంగతి కొట్లో కేటలాగు తిరగేస్తూ చూశాడు. చూసి వెంటనే పేజీ తిప్పేశాడు. కుడి భుజం మీద వేట నేర్చుకున్నవాడు అరవై దాటాక ఎడమ భుజానికి ఎందుకు మారతాడో ఈ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కన్ను పోతేనే మారతాడు. ఎడమచేతి రైఫిలు కొన్న గంటలో ఆ సంగతి బడి దాకా చేరుతుంది. బస్సు పోతుంది. చవకది కొంటే బస్సు ఉంటుంది, కానీ దానిలోంచి దుప్పి కనబడదు. రెండింటి మధ్యా తేడా డబ్బేనని ఊరంతా అనుకుంటోంది. అలా అనుకోవడమే అతనికి కావాలి. అందుకని వారం నుంచి చవకదా, ఖరీదైనదా అని అందర్నీ సలహా అడుగుతున్నాడు.

పిల్లల్ని దింపాక పెట్రోలు బంకులో కాఫీకి ఆగాడు. డెనిస్ అక్కడే ఉన్నాడు. పొడగరి. మంచు తోసే లారీ నడుపుతాడు. గొంతు ఎప్పుడూ ఇంజను మీదుగా మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

"బావా! నిన్న సాయంత్రం నీ పాత తుపాకీ మళ్ళీ పరీక్ష చేశాను. వంద గజాల్లో కాఫీ డబ్బా మూత పెట్టాను. ఎక్కడ తగిలిందనుకున్నావు?"

"మధ్యలో."

"సరిగ్గా మధ్యలో! పాపం, ఎంత పాడైపోయిందో చూడు." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "ఏది కొంటున్నావు మరి?"

"ఏది కొనమంటావు?"

"చవకదే కొను. ఏది కొన్నా నీ చేతిలో పడితే దుప్పికి ఆయుష్షే."

"అలా అనకు," అన్నాడు డబ్బులు తీసుకునే ముసలాయన. "మా అన్న చవకది కొన్నాడు. చలికి బోల్టు బిగుసుకుపోయింది. ఉచ్చపోసి కరిగించాల్సొచ్చింది."

"మీ అన్నకి అదొక్కటే బాగా పనిచేసే తుపాకీ," అన్నాడు డెనిస్.

గ్లెన్ కూడా నవ్వాడు. నవ్వుతూ కాఫీ పోసుకోబోయి కప్పు పక్కన పోశాడు. గుడ్డ తీసి తుడిచాడు. డెనిస్ ఆ సమయానికి అటు తిరిగి ఉన్నాడు. తిరిగి ఉన్నాడనే గ్లెన్ అనుకున్నాడు.

ఆర్నీ పెల్టొనెన్ కొట్టులో ముందు సగం మేకులు, రంగులు, పొయ్యి గొట్టాలు. వెనక సగం తుపాకులు. ఆర్నీ, గ్లెన్ ఒకే తరగతిలో చదివారు. ఆర్నీ బట్టతల, చొక్కా జేబులో రెండు కళ్ళజోళ్ళు, ఇంకోటి నుదుటి మీద. గ్లెన్ రాగానే ఏమీ అడక్కుండా రెండు రైఫిళ్ళూ తీసి కౌంటరు మీది రబ్బరు చాప మీద పెట్టాడు.

"ఇవాళ ఇంకోసారి ముట్టుకుంటే అద్దె తీసుకుంటా."

చవకదానికి భుజానికి ఆనించే భాగం నల్ల ప్లాస్టిక్. చేత్తో ఎత్తితే తేలిక. బోల్టు లాగితే ఇసుకలో లాగినట్టు చప్పుడు. ఖరీదైనదానికి అది వాల్‌నట్ చెక్క. బోల్టు వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా వెళ్ళి కూర్చుంటుంది. ధర రెండున్నర రెట్లు.

"నిజం చెప్పు, ఏది మంచిది?" అన్నాడు గ్లెన్.

"ఎన్నిసార్లు చెప్పను? రెండూ తిన్నగానే కొడతాయి. ఈ రోజుల్లో చవకవి కూడా బాగానే చేస్తున్నారు. చెక్కది నీ తర్వాత ఇంకొకడికి పనికొస్తుంది. ప్లాస్టిక్‌ది నీతో సరి."

"నాతో సరైతే చాల్లే."

"అయితే అది తీసుకుని నన్నొదిలిపెట్టు."

గ్లెన్ చవకది తీశాడు. బోల్టు తెరిచి, ఖాళీగా ఉందో లేదో వేలు పెట్టి చూశాడు. తర్వాత భుజానికెత్తి గోడ మీది ఎలుగుబంటి తలకి గురిపెట్టాడు. ఆ కొట్లో ఎవరు తుపాకీ ఎత్తినా ఆ ఎలుగుబంటి ముక్కుకే గురిపెట్టాలి. మనుషుల వైపు తిరగకుండా ఆర్నీ నాన్న పెట్టిన నియమం అది. గ్లెన్ ప్లాస్టిక్ మీద చెంప ఆనించి ఎడమకన్ను మూశాడు. గురి చూసే స్కోపులో ఎలుగుబంటికి చెవులున్నాయి. కింద పళ్ళున్నాయి. ముక్కు లేదు. ముక్కు ఉండాల్సినచోట ఎవరో బొటనవేలితో రుద్దినట్టు బూడిదరంగు. గొట్టం కాస్త పక్కకి జరిపాడు. ముక్కు అంచున కనబడింది. దాని వైపు చూడగానే పోయింది.

"బాగుందా?"

"బాగుంది."

ఫోను మోగింది. ఆర్నీ వెళ్ళి అవతలి గోడ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. ఎవరికో పొయ్యి గొట్టం కొలతలు చెప్తున్నాడు. గ్లెన్ చెక్కది చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక్కసారి చూద్దామనిపించింది. ఎడమ భుజానికెత్తాడు. మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చెంప చెక్క మీద సరిగ్గా కుదరలేదు. కుడికన్ను మూశాడు. ఎలుగుబంటి ముక్కు వచ్చింది. నల్లటి ముక్కు, దాని మీద పగులు, పగుల్లో దుమ్ము, ఒక పక్క చెదలు తిన్న చిల్లు. గ్లెన్ దానివైపు చూస్తూ ఉండిపోయాడు. ఏడాదిగా దేన్నీ అంత తిన్నగా చూడలేదనిపించింది.

తుపాకీ దింపేసరికి ఫోను పెట్టేసి ఉంది. ఆర్నీ ఇటే చూస్తున్నాడు.

ఆర్నీ వెనక గదిలోకి వెళ్ళి పొడుగాటి అట్టపెట్టె తెచ్చాడు. మూత తీశాడు. అదే చెక్క రైఫిలు. బోల్టు పిడి ఎడమవైపుంది.

"సరస్సు దగ్గర ఇల్లు కట్టుకున్న వకీలు తెప్పించుకున్నాడు. ఈలోపల విడాకులయ్యాయి. ఇల్లు ఆవిడకి పోయింది, తుపాకీ నాకు మిగిలింది."

"నాకెందుకు చూపిస్తున్నావు?"

"అమ్మేవాణ్ణి. చూపించడం నా పని."

"నేను కుడిచేతి వాణ్ణి."

"తెలుసు. నీ పక్క బల్లలో కూర్చుని రాసినవాణ్ణి." ఆర్నీ నుదుటి మీది కళ్ళజోడు తీసి తుడిచాడు. "ఎవరూ కొనరు ఈ ఊళ్ళో. ధర తగ్గించి ఇస్తా ఎవరికైనా."

"నాకొద్దు."

"సరే." మూత పెట్టాడు. పెట్టె లోపలికి తీసుకెళ్ళకుండా కౌంటరు కింద పెట్టాడు. "మా బ్రిన్ సాయంత్రం నీ బస్సులోనేగా వచ్చేది?"

"రోజూ వస్తుందిగా."

"అవును," అన్నాడు ఆర్నీ. "రోజూ వస్తుంది."

గ్లెన్ బయటికి వచ్చి బస్సులో కూర్చుని పేస్టీ విప్పాడు. ఆర్నీకి తెలిసిందా? తెలిసే చూపించాడా, అమ్ముడుపోని సరుకు వదిలించుకోవాలని చూశాడా? అతను రెండూ చేయగల మనిషే. పొద్దున కారొల్ కప్పు ఎడమచేతికి ఎందుకిచ్చింది? బంకులో కాఫీ ఒలికినప్పుడు డెనిస్ నిజంగా అటు తిరిగే ఉన్నాడా? అందరికీ తెలుసేమో, తనొక్కడే దాస్తున్నాననుకుంటున్నాడేమో. ఎవరికీ తెలియదేమో, తనే ప్రతి మాటలో వెతుక్కుంటున్నాడేమో. పేస్టీ సగం తిని మిగతాది కాగితంలో చుట్టేశాడు.

చవకది కొని, అడవిలో ఎవరూ చూడనిచోట ఎడమ భుజానికి పెట్టుకుని కొట్టొచ్చు అనుకున్నాడు. బోల్టు అవతలి పక్కన ఉంటుంది. చెయ్యి పైనుంచి చాచి లాగాలి. మొదటి దెబ్బకే పడితే లాగే పని లేదు. ఈ ఆలోచన మంచె గుర్తొచ్చేదాకా బాగానే ఉంది. అది తను కట్టుకున్న మంచె. కిటికీ, కుర్చీ, మోచెయ్యి పెట్టుకునే పలక అన్నీ కుడి భుజానికి కొలిచి కట్టాడు. ఎడమకి మారితే కుర్చీ గోడకి కొట్టుకుంటుంది. మంచె మారిస్తే క్యాంపులో వాళ్ళు చూస్తారు.

సాయంత్రం దారి మీద వాహనాలు పెరిగాయి. దక్షిణం నుంచి, పెద్ద వంతెన దాటి వచ్చినవాళ్ళు. వంతెనకి దిగువన ఉండేవాళ్ళు కాబట్టి వాళ్ళని ఇక్కడివాళ్ళు వంతెన కింది దయ్యాలంటారు. కొత్త ట్రక్కులు, వెనక తగిలించిన బళ్ళు, కిటికీల్లోంచి నారింజరంగు కోట్లు. వాళ్ళకి దారి తెలియదు, ఆలస్యమైందన్నది ఒక్కటే తెలుసు.

బ్రిన్ వాళ్ళ ఇల్లు తారురోడ్డు మీదే. గ్లెన్ బస్సు ఆపాడు. ఎర్రదీపాలు వెలిగాయి. అవి వెలిగితే దారిలో వాహనాలన్నీ ఆగాలి. అద్దంలో వెనక ఒక ట్రక్కు ఆగడం చూశాడు. తల తిప్పి కుడివైపు అద్దం చూశాడు. ఖాళీగా ఉంది. తలుపు తెరిచాడు. బ్రిన్ సంచి తగిలించుకుని కింది మెట్టు మీదికి దిగింది. అక్కడే ఆగిపోయింది. కమ్మీ పట్టుకుని నిలబడింది.

కంకర మీద టైర్ల చప్పుడు. ఆగిన ట్రక్కు కాదు, నీలంరంగుది ఇంకోటి రోడ్డు దిగి, బస్సుకీ పోస్టుడబ్బాకీ మధ్యలోంచి, తెరిచి ఉన్న తలుపు పక్కనుంచి వెళ్ళిపోయింది. బురదమంచు ఎగిరి మెట్ల మీద, బ్రిన్ బూట్ల మీద పడింది.

"మిస్టర్ గ్లెన్, ట్రక్కు," అంది బ్రిన్, వాన పడుతోందని చెప్పినట్టు.

"చూశాను," అన్నాడు గ్లెన్.

ఆ పిల్ల బూట్లు దులుపుకుని దిగింది. ఇంటి మెట్లెక్కి, తిరిగి చెయ్యి ఊపింది. రోజూ ఊపుతుంది. గ్లెన్ చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ చక్రం మీదే ఉన్నాయి. వెనక పిల్లలు అరుస్తూనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది అటువైపు కూర్చోలేదు.

అద్దం చూశాడు. తల తిప్పి, ఎడమకంటిని దాని ఎదురుగా పెట్టి చూశాడు. చూసినప్పుడు ట్రక్కు లేదు. ఆ తర్వాత వచ్చి ఉండాలి. లేకపోతే అప్పటికే ఉండి, కనబడనిచోట ఉండాలి. రెండు కళ్ళూ ఉన్నవాడికి కూడా కనబడి ఉండేది కాదేమో. మిగతా రూటంతా గ్లెన్ ఆ ఒక్క సంగతి తేల్చుకోవాలని చూశాడు. బడి బస్సులన్నీ చూసుకునే మార్లిస్ అయితే చూసి ఉండేదా? తనే రెండేళ్ళ కిందటైతే చూసి ఉండేవాడా? ప్రతి ఇంటి దగ్గరా ఆగి, అద్దం రెండుసార్లు చూసి, తలుపు తెరిచే ముందు లేచి నిలబడి కుడి కిటికీలోంచి తొంగిచూశాడు. పిల్లలు విసుక్కున్నారు. ఆఖరి పిల్లవాడు దిగాక కూడా తేలలేదు. రైఫిలుని ఎడమ భుజానికి మార్చుకోవచ్చు. బస్సు తలుపు మాత్రం కుడివైపే ఉంటుంది.

బస్సు ఇంటి ముందు పెట్టాడు. లోపలికి వెళ్ళకుండా తన పాత ట్రక్కు ఎక్కి కొట్టుకి వెళ్ళాడు. చీకటి పడుతోంది.

కొట్టు నిండా జనం. వేటకి ముందు సాయంత్రం ఏదో ఒకటి మరిచిపోనివాడు ఉండడు. తూటాల కోసం ఒకడు, చేతులు వెచ్చగా ఉంచే సంచుల కోసం ఒకడు. డెనిస్ కౌంటరుకి ఆనుకుని సాసేజి ముక్క నములుతున్నాడు. బస్సుల అజమాయిషీ చేసే మార్లిస్ ట్రెంబాత్ వేట అనుమతి చీటీ కోసం వరసలో నిలబడింది. నలభై ఏళ్ళ మనిషి. చిన్నప్పుడు గ్లెన్ బస్సులోనే బడికి వెళ్ళింది.

"వచ్చాడు మావాడు!" అని అరిచాడు డెనిస్. "పందెం కాస్తారా ఎవరైనా? ఇవాళ కూడా పట్టుకుని చూసి ఇంటికెళ్ళిపోతాడు."

ఆర్నీ రెండు రైఫిళ్ళూ తీయబోయాడు.

"అవి కాదు," అన్నాడు గ్లెన్. "ఆ పెట్టెలోది."

ఆర్నీ అతని వైపు చూశాడు. పెట్టె ఇంకా కౌంటరు కిందే ఉంది. తీసి మూత తెరిచాడు. గ్లెన్ రైఫిలు తీసుకుని బోల్టు తెరిచి, వేలు పెట్టి చూసి, ఎడమ భుజానికెత్తాడు. మోచెయ్యి ఎక్కడ పెట్టాలో ఇంకా తెలియలేదు. ముక్కు కనబడింది. దింపాడు.

"ఎప్పట్నుంచి బావా ఎడమచేతి వాడివయ్యావు?" అన్నాడు డెనిస్.

"ఈ మధ్యే."

కొందరు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. డెనిస్ నమలడం ఆపాడు. తూటాల దగ్గరున్నవాళ్ళు తూటాల వైపు చూశారు. రంగుల డబ్బాల దగ్గర ఎవరో దగ్గారు.

"అయితే పోయినేడు..." అని ఆగాడు డెనిస్.

"నీ దగ్గరున్న తుపాకీ మంచిదే," అన్నాడు గ్లెన్. "దానికేమీ అవలేదు."

"ఆ చొక్కా..."

"చొక్కా కూడా న్యాయంగానే కత్తిరించావు."

మార్లిస్ వరసలోంచి బయటికి వచ్చింది. అతని పక్కన నిలబడి, అతని మొహం వైపు కాకుండా రైఫిలు బోల్టు వైపు చూసింది.

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు మొదలైంది. వేసవిలో డాక్టరుకి చూపించాను."

"వేసవిలో." ఆమె గొంతు పెంచలేదు. "మావాడు కూడా ఆ బస్సులోనే ఉన్నాడు గ్లెన్ గారూ."

"ఉన్నాడు. నా వెనక రెండో సీటు."

"ఏమైనా జరిగిందా?"

"లేదు. ఇవాళ బ్రిన్ దిగేటప్పుడు ఒక ట్రక్కు కుడివైపు నుంచి వెళ్ళింది. నేను చూడలేదు. ఆ పిల్ల చూసింది." రైఫిలు కౌంటరు మీద పెట్టాడు. "రెండు కళ్ళతోనైనా కనబడేదో లేదో నాకు తెలీదు. చాలాసేపు ఆలోచించాను. తెలీలేదు."

ఆర్నీ చేతులు రబ్బరు చాప మీద అలాగే ఉండిపోయాయి.

"సోమవారం నుంచి ఉత్తరం రూటుకి ఇంకొకర్ని చూస్తాను," అంది మార్లిస్.

"చూడు."

"మీ ఇంటికొచ్చి బస్సు నేనే తీసుకెళ్తాను. కారొల్ గారికి..."

"నేను చెప్తాను."

ఆమె చెయ్యి చాచింది. ఎందుకు చాచిందో అతనికి మొదట అర్థం కాలేదు. తర్వాత కుడిచేతి గ్లవుజు పళ్ళతో లాగి కౌంటరు మీద పడేసి, జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. బస్సు తాళంచెవి రింగులోంచి రాలేదు. గోరు విరిగింది. డెనిస్ తన కత్తి తెరిచి రింగు సందులో పెట్టి పట్టుకున్నాడు. తాళంచెవి వచ్చింది. మార్లిస్ దాన్ని పిడికిట్లో పట్టుకుని, చీటీ తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

తుపాకీ కొనేవాడి మీద కేసులేమైనా ఉన్నాయేమోనని ఆర్నీ ఫోనులో అడగాల్సినవి అడిగి, డబ్బు తీసుకున్నాడు. ధర తగ్గించి చెప్పాడో లేదో గ్లెన్ వినలేదు.

"రేపు పొద్దున నేనొచ్చి ఎక్కించుకుంటా," అన్నాడు డెనిస్. "ముందే వెళ్దాం. కుర్చీ అటు జరపాలి కదా మంచెలో. పలక కూడా ఊడదీయాలి. సుత్తి తెస్తా."

"మేకులు కూడా తీసుకురా."

"దుప్పి వస్తే మాత్రం నేను కొట్టేస్తా. నీకోసం ఆగను."

"నువ్వెప్పుడాగావు గనక!"

గ్లెన్ పెట్టె చంకలో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళి, అక్కడ పెట్టెని ఎడమ చంకలోకి మార్చుకుని, బయటికి నడిచాడు. ట్రక్కు మొదటిసారి అంటుకోలేదు. రెండోసారి అంటుకుంది.

కొట్టు ఖాళీ అయ్యాక ఆర్నీ రబ్బరు చాప చుట్టబోయి చూశాడు. చాప అంచున ఒక గ్లవుజు ఉంది. కుడిచేతిది. ట్రిగ్గరు కోసం దాని చూపుడువేలు మొదట్లోకి కత్తిరించి ఉంది. కత్తిరించినచోట ఉన్ని ఊడకుండా కారొల్ ఎర్రదారంతో చుట్టూ కుట్టింది.